ఎత్తిపొడుపు

పోటీ రోజు ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బామ్మర్దికి కోపం తెప్పించాలి. అంతే. సాయంత్రానికల్లా వాడు కుతకుతా ఉడుకుతూ వేదిక ఎక్కాలి. ఆ ఉడుకులో నూట ముప్పై కిలోల బరువును గుండెల దాకా ఒక ఊపు, తల మీదికి ఒక ఊపు, రెండు ఊపుల్లో ఎత్తి నిలబెట్టాలి. ఎత్తితే పెద్ద జట్టులో మిగిలిన ఒకే ఒక్క చోటు వాడిది. ఎత్తలేకపోతే మళ్లీ వచ్చే ఏడాది దాకా ఎదురుచూపులే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుంది అనుకున్నారు మాస్టారు. ఆ పొద్దున కాఫీ తాగి, నోరు మూసుకుని, పేపరు చదువుకుంటూ కూర్చుని ఉంటే ఎంత బాగుండేదని ఆ తర్వాత ఆయన చాలాసార్లు అనుకున్నారు. కానీ నోరు మూసుకోవడం శిక్షకుల వృత్తిలో లేదు.

బామ్మర్దిని ఇంటా బయటా అందరూ బుడ్డోడు అంటారు. చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు. మనిషి పెరిగి, గుమ్మంలో నిలబడితే గదిలో వెలుతురు తగ్గేంతవాడయ్యాడు గానీ పేరు మాత్రం పెరగలేదు. అమ్మానాన్నలు పోయాక అక్క పెళ్లితో పాటే, చేతిలో ఒక రేకుపెట్టెతో బావ ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు ఫర్నిచర్ షాపులో పని. మంచాలూ బీరువాలూ మోసి మేడలెక్కిస్తాడు. ఒకసారి బీరువా తీసుకెళ్లిన ఇంట్లో పసిపాప నిద్రపోతోందని చెబితే, చప్పుడవుతుందని దాన్ని కింద పెట్టకుండా, పాప లేచేదాకా మెట్ల మీద అలాగే మోస్తూ నిలబడ్డాడు. అలాంటివాడికి కోపం తెప్పించాలని మాస్టారి ఆలోచన.

దానికి కారణం లేకపోలేదు. టైర్ల షాపు వెనక పాత గోడౌనులో మాస్టారు నడిపే జిమ్‌లో కూడా బుడ్డోడు ఆయనను బావా అనే పిలిచేవాడు. అక్కడ నూట పాతిక దాకా బాగానే ఎత్తేవాడు. ఆ పైన ఇంకో అయిదు కిలోలు తగిలిస్తే చాలు, కడ్డీ మోకాళ్లు దాటగానే వాడి మొహంలో ఒక సందేహం కనిపించేది. సందేహం కనిపించిన మరుక్షణం కడ్డీ నేల మీద ఉండేది. చేతుల్లో సత్తువ ఉంది, నడుములో ఉంది, మనసులోనే ఎక్కడో తాళం పడిపోయింది అనుకునేవారు మాస్టారు. అలాంటిది నెల కిందట ఒక మంగళవారం షాపు నుంచి మొహం జేవురించుకుని వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. చేతులకు సుద్దపొడి కూడా సరిగ్గా రాసుకోకుండా నూట ముప్పైని ఖాళీ బకెట్ ఎత్తినట్టు ఎత్తి, కింద పెట్టి, వెళ్లిపోయాడు. మాస్టారికి జ్ఞానోదయమయింది. ఆ తాళానికి తాళంచెవి కోపం. కోపం ఎవరి మీదో, ఎందుకో ఆయన అడగలేదు. అడిగితే చల్లారిపోతాడేమోనని భయం.

"నవ్వొద్దు, మాట్లాడొద్దు, అంతే నువ్వు చెయ్యాల్సింది," అన్నారు భార్యతో వంటింట్లో. "మిగతాది నేను చూసుకుంటా."

"ఆ రోజు వాడికి ఎవరి మీద కోపం వచ్చిందట?" అందావిడ గుడ్లు ఉడకబెడుతూ.

"ఎవరి మీదైతే ఏంటి? కడ్డీకి తెలుస్తుందా?"

"వాడికి తెలుస్తుంది కదండీ."

"నీకు అర్థం కాదు. ఎత్తిపొడిస్తేనే ఎత్తుతాడు వాడు. ఆ మాటలోనే ఉంది చూడు, ఎత్తు అని."

"పొడుపు అని కూడా ఉంది," అందావిడ. మాస్టారు అప్పటికే వంటింట్లోంచి బయటికి వెళ్లిపోయారు.

బుడ్డోడు స్నానం చేసి, తల తుడుచుకుంటూ, ఈల వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అక్క గుడ్ల పళ్లేన్ని ఠక్కున వాడి ముందు పెట్టి మొహం తిప్పుకుంది. ఈల ఆగిపోయింది. "అక్కా, ఒంట్లో బాలేదా?" అని లేచి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆవిడ పెదాలు బిగించి, ఇంకో క్షణం ఉంటే ఏడ్చేస్తానేమోనని, ఆరిన బట్టలు తీసే నెపంతో మేడ మీదికి వెళ్లిపోయింది.

"బావా, అక్కకి ఏదో అయింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామా? పోటీదేముంది, వచ్చే ఏడు చూసుకోవచ్చు."

మాస్టారు చప్పున అడ్డుపడ్డారు. "అక్కకేం కాలేదు! నీకు వండి పెట్టలేక విసుగొచ్చింది. ఇన్నిన్ని గుడ్లు రోజూ ఎవరు ఉడకబెడతారనుకున్నావు? తినడం తప్ప ఇంకేం చేతనవును నీకు?"

ఇప్పుడు పేలుతాడు అని మాస్టారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. బుడ్డోడు పేలలేదు. కొరికిన గుడ్డును పళ్లెంలో పెట్టి, "నిజమే బావా, ఎప్పుడూ ఆలోచించనేలేదు," అని వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ తోమేశాడు. పొయ్యి గట్టు తుడిచాడు. ఊడవడానికి చీపురు కూడా అందుకున్నాడు. పోటీ రోజు కడుపు మాడ్చుకుని వెళ్తే కడ్డీ కాదు కదా, వాడిని వాడే ఎత్తుకోలేడు. బతిమాలి తినిపిద్దామంటే పథకం పాడవుతుంది. దాంతో మాస్టారు చీపురు లాక్కుని గద్దించారు.

"ముందు తిను!"

"మరి ఇందాక తింటున్నందుకే కదా..."

"ఇందాకటిది ఇందాక! ఇప్పుడు తినకపోతే ఊరుకోను!"

బావకి ఎలాగైనా సంతోషం కలిగించాలని బుడ్డోడు గుడ్లన్నీ నాలుగు గుటకల్లో మింగేశాడు. ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నీళ్లు తాగినా పోలేదు, ఊపిరి బిగబట్టినా పోలేదు. కడ్డీ గుండెల మీద ఉండగా ఎక్కిలి వస్తే ఏమవుతుందో తలుచుకుని మాస్టారు వాడిని మందుల షాపుకు తరిమారు. వాడు వీధి మలుపు తిరిగేలోగా అక్కడికి ఫోన్ చేశారు.

మందుల షాపాయన కూడా జిమ్‌కు వచ్చేవాడే. పెద్ద శరీరం, సన్నటి గొంతు, ఎవరినైనా గారు అని తప్ప పిలవలేని నాలుక. "ఎత్తిపొడవాలా? నాకు అలవాటు లేదు మాస్టారూ," అన్నాడు నొచ్చుకుంటూ. "నా దగ్గరికి వచ్చేవాళ్లు అప్పటికే బాధల్లో ఉంటారు. ఏమనమంటారు మీరే చెప్పండి."

ఎక్కడ పొడిస్తే లోతుగా దిగుతుందో మాస్టారికి తెలుసు. ఇరవై ఏళ్ల కిందట ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ పిల్లాడు సగం కడుపుకే లేచిపోయేవాడు. ఒక రాత్రి, "బావా, నేను మీకు బరువా?" అని అడిగాడు. అప్పుడు మాస్టారు వాడిని భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పి, "ఇదా బరువు? దూదిపింజలా ఉన్నావురా!" అన్నారు. అది మనసులో మెదులుతూనే ఉంది. అయినా ఆయన ఫోన్‌లోకి స్పష్టంగా చెప్పారు.

"మీ బావకి నువ్వు బరువైపోయావట, అనండి. చాలు."

"ఎన్నిసార్లు అనాలండీ?"

"గుచ్చుకునేదాకా. సాయంత్రం పోటీకి కూడా రండి. ముందు వరసలో కూర్చుని, వాడు వేదిక ఎక్కినప్పుడల్లా ఏదో ఒకటి అంటూ ఉండండి. నేను ఆపమనేదాకా ఆపొద్దు."

కాసేపటికి ఆయన దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది. "అన్నాను మాస్టారూ. మందు వెయ్యకుండానే ఎక్కిళ్లు ఆగిపోయాయి."

"కోపం వచ్చిందా?"

"మొహం ఎర్రబడింది. కళ్లు కూడా. మళ్లీ చెప్పండి అన్నారు, మళ్లీ చెప్పాను. ఎవరన్నారు అని అడిగారు. మీ బావగారే అన్నారండీ అన్నాను. అంతే, వెళ్లిపోయారు."

"శభాష్!" అన్నారు మాస్టారు. ఆ శభాష్‌ను కూడా వెనక్కి తీసుకోవాలని ఆయన తర్వాత చాలా అనుకున్నారు.

పోటీ జరిగే హాలుకు ఇద్దరూ ఆటోలో వెళ్లారు. బుడ్డోడు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. సిగ్నళ్ల దగ్గర ఆటో ఆగినప్పుడు మాస్టారు ఓరకంటితో చూశారు. దవడలు బిగుసుకుని ఉన్నాయి. బాగా మరుగుతున్నాడని సంబరపడి, ఇంకాస్త మంట పెట్టారు. "ఏరా, మాట్లాడవేం? బరువుగా ఉందా?"

"ఇంక ఎన్నో రోజులు ఉండదులే బావా," అన్నాడు బుడ్డోడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నూట ముప్పై సంగతే అనుకున్నారు మాస్టారు. వాడి భుజం తట్టబోయి, పథకం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

హాలు నిండా ఇనుప కుర్చీలు, గోడల వారన బూట్లు, గాలిలో సుద్దపొడి. వేదికకు ఎదురుగా ముగ్గురు నిర్ణేతలు కూర్చున్నారు. మందుల షాపాయన ముందు వరసలో కుర్చీ నిండా సర్దుకుని, మాస్టారికి కన్ను గీటాడు. ఒక్కొక్కరికీ మూడు అవకాశాలు. మొదటిసారికి మాస్టారు తేలిగ్గా నూట పది పెట్టించారు. అది బుడ్డోడు రోజూ పళ్లు తోముకున్నంత మామూలుగా ఎత్తే బరువు.

"బుడ్డోడుగారూ, మీరు బరువండీ!" అంది ముందు వరసలోంచి సన్నటి గొంతు.

బుడ్డోడు వంగి కడ్డీ పట్టుకున్నాడు. మోకాళ్ల దాకా తెచ్చాడు. అక్కడ ఆగి, తనకు సంబంధం లేని వస్తువును చూసినట్టు దాన్ని చూసి, కింద పెట్టేశాడు. తప్పిందని మూడు ఎర్ర దీపాలు వెలిగాయి. ఇంకా కోపం చాలలేదనుకుని మాస్టారు మందుల షాపాయనకు గట్టిగా అనమని సైగ చేశారు. రెండోసారి ఆయన గట్టిగానే అన్నాడు. ఈసారి కడ్డీ నేల వదిలి జానెడు కూడా లేవలేదు. బుడ్డోడు చేతులు వేలాడేసుకుని వేదిక వెనక గదిలోకి వెళ్లిపోయాడు. మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. ఆయన చూసిన కోపిష్టివాళ్లెవరూ అంత నెమ్మదిగా నడవరు.

అప్పుడే భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా వేర్వేరు జతలవి వేసుకుని వచ్చింది. "ఏం చేశారండీ మీరు?" అంది రొప్పుతూ. "పోటీ మొదలవకముందే వాడు నాకు ఫోన్ చేశాడు. ఫర్నిచర్ షాపు పైన గదిలో ఉండటానికి యజమానిని అడిగాడట. నా బట్టలు పెట్టెలో సర్దిపెట్టక్కా అంటున్నాడు. ఏడుస్తున్నాడండీ!"

"ఏడవడమేంటి? కోపం రావాలి కదా?"

"ఎందుకొస్తుంది? ఆ మంగళవారం కోపం ఎవరి మీదో ఇవాళ చెప్పాడు. సోఫా కొనడానికి వచ్చినవాడెవడో, ఆ పొట్టాయన దగ్గరా నువ్వు నేర్చుకునేది, ఆయనకేం తెలుసు అని నవ్వాడట. మా బావని ఒక్క మాటంటే ఊరుకోను అని వాడితో గొడవపడి, ఆ మంటతోనే జిమ్‌కి వచ్చాడట. మీకు చెప్తే బాధపడతారని చెప్పలేదట. అంతా చెప్పి, ఆ బావకే నేను బరువయ్యానక్కా అన్నాడు."

మాస్టారు తన పొట్ట వైపు ఒకసారి చూసుకున్నారు. తర్వాత ఎటు చూడాలో తెలియలేదు. వాడి బలమేదో కనిపెట్టానని నెల రోజులుగా మురిసిపోయారు. ఆ బలం తనే. పొద్దున్నుంచీ తన చేతులతో తానే దాన్ని ఊడబెరికారు.

వెనక గదిలో బుడ్డోడు బెంచీ మీద కూర్చుని, అరచేతుల సుద్దపొడి గోళ్లతో గీకుతున్నాడు. మాస్టారు వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఒరేయ్, అదంతా ఉత్తుత్తిదేరా. నీకు కోపం తెప్పిద్దామని నేనే చెప్పించాను. గుడ్ల సంగతీ, బరువు సంగతీ, అంతా."

"బరువు మాట కూడా నువ్వే చెప్పించావా?"

"నేనే. కానీ నిజం కాదురా. నువ్వు నాకు బరువేంట్రా? నువ్వు లేకపోతే ఆ ఇల్లు ఇల్లేనా?"

బుడ్డోడు తలెత్తి బావ మొహాన్ని చాలా శ్రద్ధగా చూశాడు. "ఇప్పుడు ఇలా ముద్దుగా మాట్లాడటం కూడా ప్లానేనా బావా?"

ఏ మాట చెప్పినా అది ప్లానులాగే వినిపిస్తుందని మాస్టారికి తోచింది. కాదు అంటే కాదని ఎలా నమ్మించాలి? ఈలోగా బయట పేరు పిలిచారు. మూడోసారి, ఆఖరుసారి. ఇక నూట పదితో ఉపయోగం లేదు కాబట్టి కడ్డీకి నూట ముప్పై తగిలించారు. బుడ్డోడు లేచి వెళ్తూ, మోకాళ్ల మీద ఉన్న బావకు చెయ్యి అందించి లేపాడు. అది చాలు, ఎత్తినా ఎత్తకపోయినా ఫరవాలేదు అనుకున్నారు మాస్టారు. ఆయనకు ఆ రోజు వచ్చిన మొదటి మంచి ఆలోచన అది. ఆ సంతోషంలో ఒక్క పని మరిచిపోయారు. మందుల షాపాయనను ఆపమని చెప్పలేదు.

మందుల షాపాయన పాపం చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. రెండు మోతాదులు పని చెయ్యకపోవడంతో మందు మార్చాలని నిశ్చయించుకున్నాడు. బుడ్డోడు వంగి కడ్డీ మీద చేతులు వెయ్యగానే కుర్చీలో ముందుకు వంగి, జన్మలో మొదటిసారిగా గారు లేకుండా అరిచాడు.

"నీ తప్పేం లేదులే! మీ బావకే పని రాదు! ఆ పొట్ట చూడు, అదొక కోచ్ పొట్టా?"

బుడ్డోడి మొహం జేవురించింది. మాస్టారు ఆ మొహాన్ని గుర్తుపట్టారు. మంగళవారం నాటి మొహమే. "ఎత్తరా, ఇప్పుడెత్తు!" అని అరవబోయారు. అప్పటికే బుడ్డోడు కడ్డీ వదిలేసి వేదిక దిగాడు. తిన్నగా ముందు వరస దగ్గరికి వచ్చి, మందుల షాపాయన కూర్చున్న కుర్చీని రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక ఊపులో మనిషితో సహా కుర్చీ గుండెల దాకా లేచింది. రెండో ఊపులో తల మీదికి వెళ్లింది. మోచేతులు తిన్నగా ఉన్నాయి, నడుము నిలకడగా ఉంది, పాదాలు ఒక్క వరసలో ఉన్నాయి. అంత చక్కటి ఎత్తు మాస్టారు తన శిష్యుల్లో ఎవరి దగ్గరా చూడలేదు. పైనుంచి మందుల షాపాయన, "మీ బావగారే అనమన్నారండీ!" అని మళ్లీ గారు తగిలించి ఏడుస్తున్నాడు. బుడ్డోడు ఆయనను అలాగే గుమ్మం దాకా మోసుకెళ్లి, చప్పుడు కాకుండా బయట వరండాలో దించి వచ్చాడు.

వచ్చేసరికి గడువు దాటిపోయింది. మూడు ఎర్ర దీపాలు. మాస్టారు నిర్ణేతల బల్ల పట్టుకుని బతిమాలారు, వాదించారు, మందుల షాపాయన బరువు కూడా చెప్పారు. "ఎత్తడం బాగానే ఎత్తాడండీ," అన్నాడు పెద్ద నిర్ణేత. "కానీ సరుకు మాది కాదు." జట్టులో చోటు ఇంకెవరికో వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. "నామీద ఇంకా కోపంగా ఉందారా?" అని అడిగారు మాస్టారు.

"కోపం లేదు బావా. కోపం వస్తే బాగుండేది."

ఆ వారంలోనే బుడ్డోడు షాపు పైన గదికి మారిపోయాడు. అలిగి వెళ్లలేదు. వెళ్లే ముందు వంటింటి కిటికీ బిగించాడు, గ్యాసు బండ మార్చాడు, అక్కను నవ్వించాడు. "ఆ మాట విన్నప్పటి నుంచి ఆ మంచం మీద నిద్ర పట్టట్లేదక్కా," అన్నాడు. "అటు ఇటు దొర్లినప్పుడల్లా నన్ను ఎవరో మోస్తున్నట్టు ఉంటోంది." అక్క పెట్టె మూత పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మాస్టారు వీధి అరుగు మీద నిలబడ్డారు. పెట్టె తాను పట్టుకుంటానని ముందుకు వస్తే, "నీకెందుకు శ్రమ," అని వాడే ఎత్తుకున్నాడు.

జిమ్‌కు మాత్రం మానలేదు. రోజూ అందరికంటే ముందు వచ్చి తలుపులు తీసేవాడు. మాస్టారు వాడి దగ్గరికి వెళ్లి ఏమీ అనేవారు కాదు. పొగడ్త కూడా పథకంలా వినిపిస్తుందేమోనని భయం. అలా కొన్ని నెలలు గడిచాక, ఏ విశేషమూ లేని ఒక ఉదయం, ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండా ఉండగా, బుడ్డోడు నూట ముప్పై తగిలించుకున్నాడు. కడ్డీ మోకాళ్లు దాటింది. మొహంలో సందేహం లేదు, కోపం లేదు. గుండెల దాకా వెళ్లింది. తల మీదికి వెళ్లింది. అక్కడ కావలసినంతసేపు నిలిచి, మెల్లగా కిందికి వచ్చింది.

మాస్టారికి కళ్లు చెమర్చాయి. అద్దం వైపు తిరిగి తుడుచుకుని, వీలైనంత మామూలుగా అడిగారు. "ఎత్తేటప్పుడు మనసులో ఏమనుకున్నావురా?"

"ఏమీ అనుకోలేదు మాస్టారూ," అన్నాడు బుడ్డోడు చేతులు దులుపుకుంటూ.

జిమ్‌లో శిష్యులందరూ ఆయనను అలాగే పిలుస్తారు. ఎదుటివాడి పద్ధతిలో తప్పులు పట్టడమే వృత్తిగా బతికిన మాస్టారికి, ఆ పిలుపులో పట్టడానికి ఒక్క తప్పూ దొరకలేదు.